పిల్లల మనసు బాగోలేనప్పుడు: విజయవాడ, గుంటూరులో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

"మంచి సైకాలజిస్ట్ ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా దసరా సెలవుల తర్వాత అడుగుతారు. ఇంటికొచ్చిన పిల్లాడు మళ్లీ హాస్టల్‌కు వెళ్లనని మొండికేసి ఉంటాడు. పదో తరగతి వాళ్లు సంక్రాంతి దాటాక మొదలుపెడతారు. చిన్నపిల్లల తల్లులకు మాత్రం నెలతో పని లేదు. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర అడుగుతారు.

పేరు చెప్పడం తేలికే. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో బోర్డులకు కొదవ లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. పెద్ద పేరున్న డాక్టర్‌కు ఒకసారి చూపించుకుని రావడం కన్నా, సరైన అర్హత ఉన్న మామూలు నిపుణుడి దగ్గరికి వరసగా కొన్ని వారాలు వెళ్లగలగడమే పిల్లలకు మేలు. కింద చేసిన పోలికలన్నీ ఆ లెక్కతోనే చేశాను.

ముందు ఇది తేల్చుకోండి: ఆగొచ్చా, ఆగకూడదా

పిల్లలు చనిపోవడం గురించి మాట్లాడినా, రాసినా, తమను తాము గాయపరచుకున్నా మిగతా పోలికలన్నీ పక్కన పెట్టండి. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. రాత్రయితే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. ఈలోగా పిల్లను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మాత్రలు తాళం వేసి పెట్టండి. మన గుంటూరు, కృష్ణా పల్లెల్లో మిర్చికో పత్తికో కొట్టిన మందు డబ్బాలు వరండాలోనో మంచం కిందో ఉండిపోతుంటాయి. వాటిని ఇంటి నుంచే తీసేయండి. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా ఏమీ కాదు, ఎవరో ఒకరు అడిగారని పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

పోలీసు కేసవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులైలో ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ అసలు లేదు. కాబట్టి ఆ భయం పెట్టుకుని ఆలస్యం చేయొద్దు.

అంత అత్యవసరం కానప్పుడు రెండు వారాలు ఆగి చూడొచ్చు. ఉత్తినే ఆగడం కాదు, గమనిస్తూ ఆగడం. నిద్ర, తిండి, ఆట, స్నేహితులు, బడి: ఈ అయిదింటిలో ఎన్ని మారాయో చూడండి. పెద్దవాళ్లలో దిగులు దిగులుగానే కనిపిస్తుంది. పిల్లల్లో చాలాసార్లు అది చిరాకుగా, ఎదురు తిరగడంగా బయటపడుతుంది. "పొగరు పెరిగింది" అని తిట్లు తింటున్న పిల్లాడు నిజానికి లోపల నలిగిపోతూ ఉండొచ్చు. చిన్నపిల్లలైతే కడుపునొప్పి అంటారు. ఆ నొప్పి ఆదివారం సాయంత్రం మొదలై సోమవారం బడి టైమ్ దాటగానే తగ్గిపోతుంటే అది నటన అనుకోకండి. నొప్పి నిజమే, కారణమే కడుపులో లేదు.

ఈ దశలో మొదటి మజిలీ మీకు అలవాటైన పిల్లల డాక్టరే. రక్తహీనత, థైరాయిడ్, చూపు, వినికిడి లాంటివి ముందు చూడాలి. బోర్డు కనిపించక చదువులో వెనకబడిన పిల్లకు కౌన్సెలింగ్ ఇప్పించి లాభం లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టించండి, మీది కూడా. రోజులో ఓ అరగంట మార్కుల ఊసెత్తకుండా మాట్లాడండి. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏమైంది" అంటే ఏ పిల్లా నోరు మెదపదు. అదే పిల్ల బండి మీద వెనక కూర్చుని బందరు రోడ్డులో పోతుంటే తనంతట తాను మొదలుపెడుతుంది. మొహాలు కనిపించవు కదా, అందుకు. రెండు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే బయటి సాయం తీసుకోవలసిందే.

కాలేజీ కౌన్సెలరా, బయటి వాళ్లా

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన రాష్ట్రానిదే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని గురించి నడిచింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న ఒక కౌన్సెలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు హాస్టల్లో, క్లాసుల్లో కనిపించేలా పెట్టాలి. అంటే అడ్మిషన్ కౌంటర్‌లో "మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, పిల్లలు వాళ్లను ఎలా కలవాలి" అని అడిగే హక్కు మీకుంది. ఫీజు రాయితీ గురించి అరగంట బేరమాడేవాళ్లం, ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడతాం.

కాలేజీ కౌన్సెలర్‌తో లాభం ఏమిటంటే ఖర్చు లేదు, ప్రయాణం లేదు, అక్కడి లెక్చరర్లు, వార్డెన్లు, రూమ్మేట్లు వాళ్లకు తెలుసు. స్నేహితుల మధ్య గొడవ, స్లిప్ టెస్ట్ టెన్షన్, ఇంటి మీద బెంగ లాంటివి అక్కడే తేలిపోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. కొన్నిచోట్ల కౌన్సెలర్ అంటే మైకు పట్టుకుని మోటివేషన్ క్లాసు చెప్పే మనిషే. ఇంకొన్నిచోట్ల పిల్లాడు చెప్పిన మాట సాయంత్రానికల్లా డీన్ బల్ల మీద ఉంటుంది. ఒకసారి అలా జరిగిందంటే ఆ పిల్లాడు ఇక ఎవరి దగ్గరా నోరు విప్పడు.

కాబట్టి నా సలహా ఇది. బాధ చదువుకో హాస్టల్ సర్దుబాటుకో సంబంధించినదైతే కాలేజీలో మొదలుపెట్టండి. ఇంటి సంగతి అయినా, ప్రేమ వ్యవహారమైనా, కాలేజీ మీదే ఫిర్యాదైనా బయటికి వెళ్లండి. ఎవరైనా తప్పుగా ప్రవర్తించారన్న అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మైనర్లపై లైంగిక వేధింపు విషయం తెలిసి దాచిపెట్టడం పోక్సో చట్టం కింద నేరం, "సంస్థ పరువు" అనే మాట అక్కడ చెల్లదు.

సైకాలజిస్టా, సైకియాట్రిస్టా

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మనసు జబ్బుల్లో పీజీ చేసిన డాక్టర్. మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మాటల ద్వారా చికిత్స చేస్తారు, ఐక్యూ, నేర్చుకోవడంలో ఇబ్బందులు లాంటి పరీక్షలు చేస్తారు, మందులు రాయరు. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి సరిచూసుకోవచ్చు. కౌన్సెలర్ అనే పేరుతో మాత్రం ఎవరైనా బోర్డు పెట్టేస్తున్నారు, మూణ్ణెల్ల కోర్సు చేసినవాళ్లు కూడా. కౌన్సెలింగ్ మీద పీజీ చేసిన మంచివాళ్లూ ఉన్నారు, అందుకే ఏం చదివారో అడగమనేది.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలంటే, నిద్రే పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, గాయపరచుకోవడం, వారాల తరబడి మంచం దిగకపోవడం ఉంటే నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి. భయాలు, పరీక్షల టెన్షన్, కోపం, తమ్ముడు పుట్టాక వచ్చిన మార్పు, ఇంట్లో చావు తర్వాతి దిగులు అయితే సైకాలజిస్ట్‌తో మొదలుపెట్టొచ్చు, మందు అవసరమనిపిస్తే వాళ్లే పంపిస్తారు. పంపించడానికి ఇష్టపడని సైకాలజిస్ట్‌ను, పిల్లతో అయిదు నిమిషాలైనా మాట్లాడకుండా మూడు రకాల మాత్రలు రాసే డాక్టర్‌ను నేను ఒకే గాటన కడతాను.

"పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారని తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అనే మాట ఆడపిల్లల ఇళ్లలో తప్పక వస్తుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని ఇందాక చెప్పిన 2017 చట్టమే అంటోంది. ఆసుపత్రి నుంచి పొక్కడం అరుదు. పొక్కితే మన చుట్టాల నోటి నుంచే పొక్కుతుంది.

మందుల విషయంలో ఒక్క సంగతి. దిగులుకు ఇచ్చే మాత్రలు పనిచేయడం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి "తేడా లేదు" అని మానేసేవాళ్లు, కాస్త బాగుపడగానే సొంతంగా ఆపేసేవాళ్లు చాలామంది. రెండూ చేటే. మొదటి వారాల్లో పిల్ల మరీ అలజడిగా కనిపిస్తే రివ్యూ తేదీ దాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

పెద్దాసుపత్రి, ఎయిమ్స్, ప్రైవేటు

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఖర్చు నామమాత్రం. ప్రభుత్వ ఆసుపత్రి అనగానే వరండాలో జనం, ఓపీ చీటీ క్యూ, స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల పక్కన కేకలు పెట్టే పెద్ద రోగి గుర్తొచ్చి వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఆ ఇబ్బంది నిజమే, కాదనను. పిల్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి, చదువుకోవడానికి ఏదైనా పుస్తకం చేతికివ్వండి, పొద్దున్నే చేరుకోండి.

ఇవి బోధనాసుపత్రులు కాబట్టి ఒకసారి చూసిన డాక్టర్ మరోసారి కనిపించకపోవచ్చు. దానికి చిన్న ఉపాయం ఉంది. మొదటిరోజే చీటీ మీద ఏ యూనిట్ రాశారో చూసుకుని, ఆ యూనిట్ ఓపీ వారంలో ఏ రోజో కనుక్కోండి. ప్రతిసారీ అదే రోజు వెళితే కేసు తెలిసినవాళ్లే చూస్తారు. ఇది తెలియక ఏదో ఒక రోజు వెళ్లి, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోలేక విసిగి మానేసినవాళ్లు ఉన్నారు.

ప్రభుత్వ దారినే పట్టాల్సిన సందర్భం ఒకటుంది. పిల్లాడు తెలివైనవాడే కానీ అక్షరాలు తారుమారు చేస్తాడు, చదవడం రాదు అనుకోండి. నేర్చుకోవడంలో ఈ ఇబ్బంది, ఆటిజం రెండూ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు ప్రభుత్వ ధ్రువపత్రమే కావాలి, ప్రైవేటు రిపోర్టు ఒక్కటే చాలదు. మాటలు ఆలస్యంగా వస్తున్న, పిలిస్తే తిరిగి చూడని చిన్నపిల్లల విషయంలో "వాళ్ల నాన్నకూ మాటలు లేటే" అని ఏడాది గడిపేయకుండా, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష చేయించండి. అంగన్‌వాడీలో, బడిలో అడిగితే దారి చెబుతారు. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలూ ఉన్నాయి.

ప్రైవేటులో అపాయింట్‌మెంట్ దొరుకుతుంది, సాయంత్రం వెళ్లొచ్చు, గది నిశ్శబ్దంగా ఉంటుంది. డబ్బే సమస్య. సెషన్ ఫీజు ఎంతో ఫోన్‌లోనే అడిగి, దాన్ని ఎనిమిదితో గుణించండి. మాటల చికిత్స ఒకటి రెండు సార్లలో అయ్యేది కాదు. ఆ మొత్తం మీ వల్ల కాదనిపిస్తే మొదటి రెండు సెషన్లకు డబ్బు తగలేసి ఆపేయడం కన్నా మొదటి నుంచే ఎయిమ్స్‌కో జీజీహెచ్‌కో వెళ్లడం నయం. ఆరోగ్య బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని చట్టంలో ఉంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ ఖర్చుకు ఇవ్వవు.

గుంటూరు వాళ్లు విజయవాడకు, విజయవాడ వాళ్లు హైదరాబాద్‌కు పరిగెత్తే అలవాటు మనకుంది. దూరం పోయేకొద్దీ డాక్టర్ గొప్పవాడవుతాడని మన నమ్మకం. రోగనిర్ధారణ విషయంలో సందేహం ఉంటే ఒకసారి రెండో అభిప్రాయానికి వెళ్లండి. ప్రతి వారం వెళ్లాల్సిన చికిత్సకు మాత్రం దగ్గరి ఊరే మేలు. గుంటూరు, విజయవాడ మధ్య 35 కిలోమీటర్లే కదా అంటారు, వారధి మీద ట్రాఫిక్‌తో కలిపి రానూపోనూ ఒక పూట పోతుంది. నాలుగో వారానికి "ఈసారికి వద్దులే" అనే మాట వచ్చేస్తుంది. మంగళగిరి రెండు ఊళ్లకూ మధ్యలో ఉండటం ఈ విషయంలో కలిసొచ్చింది. 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, తల్లి తీసుకెళ్లే పక్షంలో చార్జీ భారం కొంత తగ్గింది.

ఫోన్‌లో సాయం

టెలీ మానస్ నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. ఇది పిల్లలకే అనుకుంటారు గానీ, "మా అబ్బాయి గది తలుపేసుకుని బయటికి రావడం లేదు, నేనేం చేయను" అని తల్లి కూడా చేయొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనప్పుడు దీనికి మించింది లేదు. వారం వారం సాగే చికిత్సకు మాత్రం ఇది ప్రత్యామ్నాయం కాదు.

డబ్బు తీసుకునే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు బాగానే కుదురుతుంది, ఇంట్లో తలుపేసుకునే గది ఉంటే. హాల్లో అమ్మమ్మ టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని ఏ పిల్లా మనసు విప్పదు. చిన్నపిల్లలకు ఇది పనికిరాదు, వాళ్లతో ఆడుతూ మాట్లాడాలి.

గుడికి, దర్గాకు, చర్చికి తీసుకెళ్లడం మీ ఇష్టం, మనసుకు ఊరట ఉంటే మంచిదే. "మందులు ఆపేయండి" అన్న చోటికి మాత్రం రెండోసారి వెళ్లొద్దు. ఇక కళ్లకు గంతలు కట్టి రంగులు చదివిస్తామని, జ్ఞాపకశక్తి పెంచుతామని వేసవిలో వేలకు వేలు గుంజే క్లాసులున్నాయి. ఆ డబ్బుతో పిల్లకు ఈత నేర్పించండి.

హాస్టలా, ఇల్లా

మన రెండు ఊళ్లలో పిల్లల మనసు గురించి మాట్లాడుతూ ఈ ప్రశ్నను దాటిపోవడం కుదరదు. చాలా ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే.

ఔటింగ్ ఆదివారం ఏదైనా పెద్ద క్యాంపస్ గేటు దగ్గర నిలబడి చూడండి. చెట్టు నీడ దొరికిన చోటల్లా దుప్పటి పరిచి, స్టీలు క్యారియర్లు విప్పుతుంటారు. పులిహోర, కోడికూర, పెరుగన్నం. పిల్లాడు ఒక ముద్ద తినకముందే వాళ్ల నాన్న "వీకెండ్ టెస్ట్‌లో ఎంతొచ్చింది, సెక్షన్ మార్చారా" అంటాడు. పిల్లాడు తల దించుకుని అన్నం కెలుకుతాడు. వాళ్లమ్మ చేతి వేళ్ల గోళ్లు చూస్తుంది, కొరికేసి ఉంటాయి. "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. గంట అయిపోతుంది.

ఆ గంటలో మార్కుల మాట చివరికి వాయిదా వేసి, నిద్ర ఎలా ఉంది, పక్కన ఎవరు పడుకుంటారు, ఎవరితో కలిసి తింటున్నావు అని అడిగితే చాలా తెలుస్తుంది. ఒక్క స్నేహితుడి పేరైనా చెప్పగలిగి, నిద్రపడుతూ, తింటూ ఉండి, మార్కులే తగ్గితే హాస్టల్ మార్చాల్సిన పని లేదు. మొదటి నెలల బెంగ చాలామందికి తగ్గుతుంది. స్నేహితుల పేర్లు చెప్పలేక, బరువు తగ్గిపోయి, ఫోన్ చేసిన ప్రతిసారీ ఏడుస్తూ, లేదా అసలు ఏడవడం కూడా మానేసి ముభావంగా ఉంటే తీసుకొచ్చేయండి. కట్టిన ఫీజు పోతుందని ఆలోచించే సమయం కాదది.

మధ్యేమార్గం డే స్కాలర్‌గా మార్చడం. ఊరు దూరమైతే కాలేజీకి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని తల్లి పిల్లాడితో ఉండే కుటుంబాలు మనకు కొత్తేమీ కాదు. అద్దె, రెండు కాపురాల ఖర్చు తక్కువేం కాదు గానీ, రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ ముగించుకుని వచ్చిన పిల్లాడికి పలకరించే మనిషి ఉంటుంది. ఒక హెచ్చరిక: అమ్మ అక్కడా వార్డెన్‌లా కూర్చుంటే అద్దె దండగ. ఇంకో దారి సొంతూళ్లోని మామూలు కాలేజీ. దానివల్ల ర్యాంకు తగ్గుతుందా అంటే కొందరికి తగ్గుతుంది. అది ఒప్పుకునే నిర్ణయం తీసుకోవాలి, తర్వాత పిల్లాడిని దెప్పకూడదు.

నేషనల్ మెంటల్ హెల్త్ సర్వే 2015–16 ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. నలభై మంది సెక్షన్‌లో ముగ్గురన్నమాట. "మా పిల్లాడికే ఎందుకిలా" అనుకునే నాన్నలకు నేను ఈ లెక్క చెబుతుంటాను.

మొదలుపెట్టాక

మొదటి రోజు పిల్లకు అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. "కళ్ల పరీక్ష" అని చెప్పి సైకాలజిస్ట్ గదిలో కూర్చోబెడితే ఆ రోజు సెషన్ పోయినట్టే. "నీకు నిద్ర పట్టడం లేదు కదా, దాని గురించి మాట్లాడే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం, నచ్చకపోతే వేరేవాళ్లను చూద్దాం" అంటే చాలు. మంచి నిపుణులు మీతో కాసేపు, పిల్లతో విడిగా కాసేపు మాట్లాడతారు. తనకు ప్రాణం మీదికొచ్చే విషయమైతే తప్ప చెప్పినవి అమ్మానాన్నలకు చెప్పనని పిల్లకు మీ ముందే మాటిస్తారు. బయటికి వచ్చాక "ఏం చెప్పావు, మా గురించి ఏమన్నావు" అని ఆరా తీయొద్దు. టిఫిన్ తిని ఇంటికి రండి.

నాలుగైదు సెషన్లయ్యాక మొదట్లో గమనించిన ఆ అయిదింటినీ మళ్లీ చూడండి. ఒక్కటైనా మెరుగైతే కొనసాగించండి. ఏదీ మారకపోతే, లేదా పిల్లకు ఆ మనిషి దగ్గర మాట పెగలకపోతే, ముందు ఆ నిపుణుడినే అడగండి. తర్వాత మార్చినా తప్పు లేదు, వాళ్లూ ఏమీ అనుకోరు. మార్చేటప్పుడు పాత చీటీలు, టెస్ట్ రిపోర్టులు, వాడిన మాత్రల స్ట్రిప్పులు ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. కొత్త డాక్టర్ మళ్లీ మొదటి మాత్ర నుంచి మొదలుపెట్టకుండా ఉంటారు.